మొదటి తొంభై రోజుల మేత
చేపపిల్లల ఎదుగుదల, మాంసకృత్తులు, హోసూరు–కృష్ణగిరి చెరువులు: ఒక స్మారకోపన్యాసం

ఈ ఉపన్యాసాన్ని హీరాలాల్ చౌధురి గారి స్మృతికి అంకితం చేస్తున్నాను. 1957 జూలై 10న ఒడిశాలో ఆయనా, కె.హెచ్. అలికున్హీ కలిసి పీయూష గ్రంథి రసం ఎక్కించి మన నది చేపల చేత నిలవ నీటిలో గుడ్లు పెట్టించారు. అంతకుముందు చెరువులో వదలడానికి పిల్ల కావాలంటే వరద కాలంలో నదుల్లో సన్నవల పన్ని పట్టడమే ప్రధాన దారి. ఆ వలలో బొచ్చె పిల్లతో పాటు దాన్ని తినే చేపల పిల్లలూ వచ్చేవి. చౌధురి గారి పనితో ఆ పరాధీనత పోయింది. జూలై 10ని దేశమంతా మత్స్య రైతుల దినంగా జరుపుకోవడం అందుకే. అయితే పిల్లను పుట్టించడం ఒక విద్య, దాన్ని పెంచడం మరో విద్య. మొదటిది మన చేతికి వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది. రెండోదాని మీద మనకు శ్రద్ధ ఇంకా చాలలేదు. చేపపిల్ల బతుకులో మొదటి తొంభై రోజుల్లో దానికి అందే మాంసకృత్తుల పరిమాణమూ నాణ్యతా ఆ ఏడాది పంటను చాలావరకు నిర్ణయిస్తాయి. కాబట్టి మంచి మేతకు పెట్టే డబ్బు ముందుగా అక్కడ పెట్టాలి, చేప పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి. ఈ ప్రాంతానికి ఆ పని అన్నిచోట్లకన్నా ఎక్కువ అవసరమనీ, చేతికి అందేంత దగ్గర్లోనే ఉందనీ నా వాదం.

ఈ ప్రాంతానికి ఎందుకు ఎక్కువ అవసరమో ముందు చెబుతాను. దక్షిణ పినాకిని కర్ణాటక దాటి తమిళనాడులో హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయంలోకి, అక్కణ్ణించి కిందికి దిగి కృష్ణగిరి జలాశయంలోకి చేరుతుంది. ఈ రెండు పెద్ద జలాశయాలూ, బారూరు వంటి పెద్ద చెరువులూ తీసేస్తే, మిగిలినవి ఎక్కువగా వానకు నిండి ఎండకు ఎండే చెరువులు. ఇక్కడ పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడతాయి. చెరువు అప్పుడు నిండుతుంది, వేసవి ముదిరేసరికి అడుగంటుతుంది. చేపకు దొరికేది ఆరేడు నెలలు. అందులో డిసెంబరు, జనవరి నెలల్లో హోసూరు ఎత్తున నీళ్లు చల్లబడి చేప మేత సరిగా ముట్టదు. మరోవైపు, బొచ్చె, రోహు, ఎర్రమోసు గుడ్లు పెట్టేది జూన్ నుంచి ఆగస్టు దాకా. జూలైలో పొదిగిన పిల్లకు అక్టోబరులో చెరువు నిండేలోగా సరిగ్గా మూడు నెలల గడువుంది. ఆ గడువులో అది పది సెంటీమీటర్లు దాటితే, చెరువులో దిగిన రోజు నుంచి ఎదుగుతుంది, కొరమీను నోటికీ నీటికాకి ముక్కుకూ అంత సులువుగా చిక్కదు. నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతే, మిగిలిన నీళ్ల కాలంలో సగం పిల్లదశ దాటడానికే ఖర్చయిపోతుంది. కోస్తాలో ఏడాది పొడుగునా కాలువ నీళ్లుండే రైతు పోయిన కాలాన్ని మళ్లీ రాబట్టుకోగలడు. ఇక్కడి రైతుకు ఆ వీలు లేదు.

ఇప్పుడు మాంసకృత్తుల సంగతి. గుడ్డులోంచి వచ్చి సొన సంచి కరిగిపోయిన పిల్ల, మనం స్పాన్ అనేది, ఒకటి రెండు మిల్లీగ్రాముల బరువుంటుంది. రెండు మూడు వారాల్లో అది అంగుళం పొడవు పెరిగే సరికి బరువు నూరింతలు దాటుతుంది. ఇంత తక్కువ కాలంలో తన ఒంటిని ఇన్నిసార్లు రెట్టింపు చేసుకోవడం దాని బతుకులో మళ్లీ ఎన్నడూ జరగదు. పెరగడమంటే ముఖ్యంగా కండ కట్టడం. నీళ్లు తీసేస్తే చేప ఒంట్లో మిగిలేదాంట్లో పెద్ద వాటా మాంసకృత్తులదే. పిండిపదార్థమూ కొవ్వూ శక్తినిస్తాయి కాని, వాటిలో నత్రజని లేదు గనక ఎంత తిన్నా వాటినుంచి కండ రాదు. మేతలో శక్తి తగ్గితే చేప మాంసకృత్తులనే కాల్చుకుని పని జరుపుకుంటుంది. మాంసకృత్తులు తగ్గితే వాటికి బదులు ఒంట్లోకి వచ్చేదేమీ లేదు, ఎదుగుదల అక్కడే ఆగుతుంది. కాబట్టి పిల్లదశలో ఈ లోటుకు వెల ఎక్కువ. పెద్ద చేపకు రోజులో అవసరమయ్యే మాంసకృత్తులు దాని బరువుతో పోల్చి చూస్తే కొద్దిపాటివి. పిల్లకు ఆ నిష్పత్తి ఎన్నో రెట్లు.

కోళ్ల మేత తెలిసినవారికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. హోసూరు పక్కన మత్తిగిరిలో కోళ్ల పెంపకానికి ఒక కళాశాలే ఉంది, కాబట్టి ఆ సందేహం న్యాయమైనదే. బ్రాయిలర్ పిల్లకు 22, 23 శాతం మాంసకృత్తులతో సరిపోతుంటే చేపపిల్లకు 40 శాతం ఎందుకు? చేప తిండిని వృథా చేసే జీవి గనకనా? కాదు. కోడి తన ఒంటి వేడిని నిలుపుకోవడానికి పగలూ రాత్రీ శక్తిని ఖర్చు చేస్తుంది. చేప ఒంటి వేడి నీటి వేడితో సమానం, ఆ ఖర్చు దానికి లేదు. కోడి వ్యర్థ నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి విసర్జించాలి, దానికీ శక్తి కావాలి. చేప అమ్మోనియాను నేరుగా మొప్పల ద్వారా నీటిలోకి వదిలేస్తుంది. శక్తి అవసరం తక్కువ కాబట్టి చేప తినే మొత్తం మేత తక్కువ. మొత్తం తగ్గినప్పుడు అందులో మాంసకృత్తుల శాతం ఎక్కువగా కనబడుతుంది. 1987లో ఎస్.హెచ్. బోవెన్ ఈ లెక్కనే తిరిగి పరిశీలించి, ఒక కిలో బరువు పెరగడానికి కావలసిన మాంసకృత్తులను చూస్తే చేపకూ వెచ్చని నెత్తురు జంతువులకూ తేడా శాతాలు చూపించినంత పెద్దది కాదని తేల్చాడు. అంటే 40 అన్న అంకె చేప దుబారాకు గుర్తు కాదు, దాని పొదుపు నుంచే పుట్టింది.

ఆ అంకె ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. ఒకే వయసు పిల్లల్ని గుంపులుగా విడగొట్టి, శక్తి సమానంగా ఉంచి మాంసకృత్తులు మాత్రం మెట్టుమెట్టుగా పెంచిన మేతలు వేసి, కొన్ని వారాల తరవాత తూచడం పద్ధతి. 1958లో డిలాంగ్, హాల్వర్, మెర్ట్జ్ చినూక్ సాల్మన్ పిల్లల మీద చేసిన పని ఈ దారిలో తొలినాటిది. 1970లో జపాన్‌లో ఒగినో, సైతో బంగారుతీగ (కామన్ కార్ప్) పిల్లలకు పాల మాంసకృత్తి అయిన కేసీన్ మేత పెట్టి 38 శాతం దగ్గర ఎదుగుదల గరిష్ఠమని చూపారు. మన దేశంలో సేన్, ఆయన సహచరులు 1978లో మన బొచ్చె జాతుల పిల్లలకు 45 శాతం దాకా అవసరమన్నారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2011 నాటి సంకలనం బంగారుతీగకు 20 గ్రాముల లోపు సుమారు 45, అక్కణ్ణించి 200 గ్రాముల దాకా 38, ఆపైన 32, 28 అని మెట్లు దించుకుంటూ పోతుంది. తిలాపియాకు ఆ మెట్లు 40 దగ్గర మొదలై 30 కిందికి దిగుతాయి. ప్రతి ప్రయోగంలోనూ గీత ఆకారం ఒకటే: మొదట నిటారుగా ఎక్కి, తరవాత వంగి, ఒకచోట చదునై, కొన్నిసార్లు ఆపైన కిందికి దిగుతుంది. ఆ చదును ఎక్కడ మొదలైందన్నది లెక్కగట్టే పద్ధతిని బట్టి కొంత మారుతుంది. ఒకే ప్రయోగానికి విరిగిన గీత గీస్తే ఒక అంకె, వంపు గీత గీస్తే దానికన్నా పెద్ద అంకె వస్తుంది. కాబట్టి 38కీ 45కీ మధ్య తగవులాడటం రైతుకు అనవసరం. అన్ని ప్రయోగాలూ ఒప్పుకునేది ఒకటుంది: అవసరం చిన్న పిల్లలో అత్యధికం, వయసుతో పాటు తగ్గుతుంది, 28 శాతం మేత చిన్న పిల్లకు చాలదు.

అయితే శాతం ఒక్కటే చూసుకుంటే మోసపోతాం. ఇక్కడి తెలుగు రైతుకు ఇంట్లో తెలుగు, కార్యాలయంలో తమిళం, మేత సంచి మీద ఇంగ్లీషు. ఆ సంచి మీద ముడి ప్రోటీన్ ఇంత శాతం అని ఒక అంకె ఉంటుంది. 1883లో కెల్డాల్ కనిపెట్టిన పద్ధతిలో మేతలోని నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో గుణిస్తే వచ్చేదే ఆ అంకె. నత్రజని యూరియాలోదైనా కండలోదైనా ఆ పద్ధతికి తేడా తెలియదు. 2007లో అమెరికాకు చేరిన గోధుమ ఉత్పత్తుల్లో నత్రజని దండిగా ఉండే మెలమిన్ కలిపి ప్రోటీన్ శాతం ఎక్కువగా చూపించారు. ఆ సరుకు కుక్కల, పిల్లుల మేతలోకే కాక చేపల మేతలోకి కూడా వెళ్లింది. కల్తీ లేకపోయినా సమస్య పోదు. చేపకు కావలసింది మాంసకృత్తుల రాశి కాదు, వాటిని విడగొడితే వచ్చే అమైనో ఆమ్లాలు. అందులో పదింటిని చేప సొంతంగా తయారు చేసుకోలేదు, మేతలోంచే రావాలి. గోడ కట్టేటప్పుడు ఇటుకలు లారీల కొద్దీ ఉండి సిమెంటు ఒక్కటి అయిపోతే పని ఆగినట్టే, పదింటిలో ఏ ఒక్కటి తగ్గినా ఎదుగుదల అక్కడ ఆగుతుంది, మిగిలిన తొమ్మిదీ శక్తికింద కాలిపోయి అమ్మోనియాగా బయటికి పోతాయి. బంగారుతీగ పిల్లకు 38.5 శాతం మాంసకృత్తులున్న మేతలో 2.2 శాతం లైసిన్ ఉండాలని 1979లో నోసె తేల్చాడు. ఈ అంకె మీద కాసేపు నిలుద్దాం.

మన నర్సరీల్లో తరతరాలుగా వేస్తున్నది వేరుశనగ చెక్కా, తవుడూ సగంసగం. చెక్కలో సగటున 42 శాతం, నూనె తీసిన తవుడులో 14 శాతం మాంసకృత్తులు అనుకుంటే, కలిపినది 28 శాతం. వేరుశనగ మాంసకృత్తుల్లో లైసిన్ వందకు సుమారు మూడున్నర పాళ్లే, తవుడులో నాలుగున్నర. ఈ సగటులతో గుణిస్తే సగంసగం మేతలో లైసిన్ ఒక శాతానికి కొంచెం అటూ ఇటూ తేలుతుంది. పిల్లకు కావలసిందాంట్లో సగానికి లోపు. అంటే సంచి మీద 28 అని ఉన్నా, కండ కట్టే లెక్కలో ఆ మేత అంతకన్నా బాగా కింద ఉంది. మెథియోనిన్ విషయంలోనూ వేరుశనగ బలహీనమే. దీనికి తోడు చెక్కలో తేమ చేరితే ఆస్పర్జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ పుడుతుంది. 1960లో ఇంగ్లండులో వేలకొద్దీ టర్కీ కోళ్ల చావుకు బూజు పట్టిన వేరుశనగ చెక్కే కారణమని తేలిన తరవాతే లోకం ఆ విషాన్ని గుర్తించింది. చెక్క చెడ్డదని నేను అనడం లేదు. అది మన పొలాల్లోది, చవకది, పెద్ద చేపకు మంచిది. ఇంకేదీ లేకుండా పిల్లకు దాన్నే పెట్టడం మాత్రం సరికాదు.

లైసిన్ లోటును పూడ్చడానికి లోకమంతా వాడుతున్నది చేపపొడి. అది ఖరీదైనది, సముద్రం నుంచి రావాలి, ఆ సముద్రమూ ఇవాళ అలసి ఉంది. కాని ఈ నేలకు ఒక సొంత వనరుంది. హోసూరు, డెంకణికోట, తళి, శూలగిరి వైపు మల్బరీ తోటలున్నాయి. కేంద్ర పట్టు మండలి వారి జన్యు వనరుల కేంద్రం హోసూరులోనే ఉంది. పట్టుగూటి నుంచి దారం తీశాక మిగిలే ప్యూపాలో, ఎండబెట్టి చూస్తే, సగానికి మించి మాంసకృత్తులు, పాతిక పాళ్లు కొవ్వు. ఒక కిలో పచ్చిపట్టు తీస్తే సుమారు రెండు కిలోల ఎండు ప్యూపా మిగులుతుంది. దాని మాంసకృత్తుల్లో లైసిన్ వందకు ఆరేడు పాళ్లు, అంటే వేరుశనగకు దాదాపు రెట్టింపు. పైన చెప్పిన లెక్కనే మళ్లీ వేద్దాం. ప్యూపా పొడి 30 పాళ్లు, చెక్క 40, తవుడు 30 కలిపితే మాంసకృత్తులు 37 శాతం దాటుతాయి. లైసిన్ 1.8 శాతానికి చేరుతుంది, అవసరంలో అయిదింట నాలుగు పాళ్లు. మిగిలిన కొంచెం నీటిలోని సూక్ష్మజీవుల నుంచి పిల్ల పట్టుకుంటుంది. కొవ్వు కూడా ఎనిమిది శాతం పైన వస్తుంది గనక మాంసకృత్తులను శక్తికోసం కాల్చుకోవలసిన అవసరం తగ్గుతుంది. ఈ దారి కొత్తది కాదు. మన పొరుగున కర్ణాటకలో ఎం.సి. నందీశ, ఆయన సహచరులు నూనె తీయని ప్యూపాను బంగారుతీగకు మేతలో వేసి చూసి, 1990లోనూ 2000లోనూ ఫలితాలు ప్రకటించారు. దానితో ఎదుగుదల బాగానే ఉందని తేల్చారు.

ఇక ఆక్షేపణలు. మొదటిది, నీటిలో సహజాహారం ఉండగా ఇదంతా ఎందుకన్నది. ఇది బలమైన మాట. పేడ వేసి పచ్చబరచిన నీటిలో పుట్టే రోటిఫర్లు, నీటి ఈగలు, ఎండు బరువులో సగానికి పైగా మాంసకృత్తులు కలిగినవి. బొచ్చె జాతికి పొట్ట అంటూ వేరే లేదు, ఆమ్లంతో జీర్ణం చేసే ఏర్పాటు లేదు. చిన్న పిల్ల పేగు ఇంకా తయారవుతూ ఉండే దశలో ఈ బతికున్న ఆహారమే దానికి శ్రేష్ఠం. పొడి మేత ఎంత మంచిదైనా మొదటి వారంలో దానికి సాటి రాదు. కాని ప్రశ్న ఎంతమంది పంక్తిలో కూర్చున్నారన్నది. నర్సరీ చెరువులో హెక్టారుకు 30 నుంచి 50 లక్షల స్పాన్ వదులుతాం. అన్ని నోళ్లు తింటుంటే ఆ జీవుల రాశి కొద్ది రోజుల్లోనే తరిగిపోతుంది. అక్కణ్ణించి పిల్ల ఎదిగేది మనం వేసే మేత మీదే. పలచగా వదిలిన పెద్ద చెరువులో సహజాహారమే మాంసకృత్తులను అందిస్తుంది, అక్కడ తవుడు వంటి శక్తినిచ్చే మేత చాలు. ఇది నా వాదానికి అడ్డు రాకపోగా దాన్నే బలపరుస్తుంది: మాంసకృత్తుల ఖర్చు వాటి కొరత ఉన్న చోట పెట్టాలి, ఆ చోటు నర్సరీ.

రెండో ఆక్షేపణ ఆంధ్ర నుంచి వస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు పిల్లల్ని కిక్కిరిసేలా వదిలి, మేత తగ్గించి, ఏడాది పాటు ఎదగనీయకుండా ఉంచుతారు. ఆ గిడసబారిన పిల్లను పెద్ద చెరువులో వదిలితే అది విపరీతమైన వేగంతో పెరుగుతుంది. పస్తుంచిన పిల్లే బాగా పెరుగుతుంటే, పిల్లదశలో మాంసకృత్తులు అంత ముఖ్యమెలా అయ్యాయి? దీన్ని జాగ్రత్తగా చూడాలి. ఆ రైతులు ఆపేది అప్పుడే పుట్టిన స్పాన్‌ను కాదు. తొలిదశ దాటి, పేగూ ఎముకా కుదురుకున్న పిల్లను. తరవాతి వేగం నిజమే, తిండి దొరికిన మీదట పోగొట్టుకున్నదాన్ని చేప కొంత రాబట్టుకుంటుంది. పైగా నూరు గ్రాములు దాటిన పిల్లను వదలడం వల్ల చావులు తగ్గుతాయి. కాని ఈ లాభమంతా ఒక ఏడాది నీళ్లను ఖర్చు చేసి కొన్నది. ఆ ఏడాది నీళ్లు డెల్టాలో ఉన్నాయి, మన వానచెరువుల్లో లేవు. డెల్టా రైతు అనుభవం నుంచి మనం తీసుకోవలసిన పాఠం పిల్లను పస్తుంచమని కాదు, పెద్ద పిల్లను వదలమని. ఆ పెద్ద పిల్లను వాళ్లు ఏడాదిలో తయారు చేస్తారు. మనకున్నవి మూడు నెలలు గనక మంచి మేతతో తయారు చేసుకోవాలి.

మూడోది ఖర్చు. ఎక్కువ మాంసకృత్తుల మేత కిలో ధర ఎక్కువ, చిన్న రైతు భరించలేడు అంటారు. ధర కిలోల్లో కాక పంట మొత్తంలో చూడాలి. వెయ్యి పిల్లలు ఒక్కొక్కటి పది గ్రాములకు పెరగాలంటే మొత్తం పది కిలోల బరువు రావాలి. కిలో పెరుగుదలకు కిలోన్నర మేత అనుకున్నా 15 కిలోలు చాలు. అవే వెయ్యి చేపలు కిలో బరువుకు రావాలంటే అదే లెక్కన 1,500 కిలోల మేత పడుతుంది. పిల్లదశ మేత మొత్తంలో నూటికి ఒక పాలు. ఆ ఒక్క పాలుకు రెట్టింపు ధర పెట్టినా మొత్తం ఖర్చు నూటికి ఒకటి మాత్రమే పెరుగుతుంది. దానికి బదులు వచ్చేది ఎక్కువ బతికిన పిల్లలు, ముందుగా మొదలైన ఎదుగుదల, ఒకే సైజులో ఉండి ఒకదాన్నొకటి అణచుకోని గుంపు. చిన్న రైతు భరించలేనిది మంచి మేతను కాదు, పిల్లదశలో ఎదగని పిల్లను తెచ్చుకుని నీళ్లున్నంత కాలమూ మేపడాన్ని.

నాలుగోది ఎదుటి వైపు నుంచి వస్తుంది. ఇంత మంచిదైతే పట్టేదాకా అదే మేత ఎందుకు పెట్టకూడదు? పెట్టకూడదు, రెండు కారణాలున్నాయి. ఒకటి, చేప అవసరానికి మించినది కండగా మారదు. 45 శాతం మాంసకృత్తులున్న ఒక కిలో మేతలో 72 గ్రాముల నత్రజని ఉంటుంది. బాగా ఎదిగే చేపైనా అందులో మూడో వంతు, మహా అయితే ఇంకొంచెం నిలుపుకుంటుంది. మిగిలిన నలభైకి పైగా గ్రాములు నీటిలోకి పోతాయి, ఎక్కువభాగం అమ్మోనియాగా. సాయంత్రం ఎండకు పచ్చనీటి క్షారత పెరిగినప్పుడు ఆ అమ్మోనియాలో విషరూపం పెరిగి మొప్పలను దెబ్బతీస్తుంది. పిల్లదశలో మేత మొత్తం కొద్దిది గనక దాన్ని నీరు మోయగలదు, టన్నుల కొద్దీ వేసే దశలో మోయలేదు. రెండోది, మన దక్షిణ పినాకిని. బెంగళూరు మురుగుతో కెలవరపల్లి దగ్గర నురగ కట్టి ప్రవహించే నీటి గతి మీకు చెప్పనక్కరలేదు. ఇప్పటికే నత్రజనితో బరువెక్కిన నీటికి మన మేత సంచుల నుంచి మరింత చేర్చడం కింది ఊళ్లవారికి చేసే అన్యాయం. పిల్లకు నిండుగా పెట్టమనడమూ, పెద్దదానికి తగ్గించమనడమూ ఒకే సూత్రంలోని రెండు సగాలు.

ఈ సూత్రానికి ఎత్తు, చలి ఒక సవరణ కోరతాయి. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, కృష్ణగిరి సుమారు 500. ఒకే జిల్లాలో, ఒకే నెలలో, రెండు చెరువుల నీటి వేడి ఒకటి కాదు. డిలాంగ్ బృందం తమ సాల్మన్ పిల్లలకు సుమారు 8 డిగ్రీల నీటిలో 40 శాతం, 14 డిగ్రీల నీటిలో 55 శాతం కావాలని చెప్పింది. నీళ్లు వెచ్చబడితే చేప ఎక్కువ తింటుంది గనక శాతం మార్చనక్కరలేదని తరవాతివారు చాలామంది వాదించారు. రెండు మాటలూ రైతును ఒకే పనికి తెస్తాయి: చల్లని నెలల్లో చేప ఆకలి తగ్గుతుంది, తిననిదాన్ని పోసి నీటిని పాడుచేయకూడదు. తిలాపియా విషయంలో ఇది మరీ ముఖ్యం. అది వెచ్చని నీటి చేప, 20 డిగ్రీల కింద దాని ఎదుగుదల దాదాపు నిలిచిపోతుంది. పిల్లదశ జూలై నుంచి అక్టోబరు దాకా, నీళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే ముగించాలన్న గడువు ఇక్కడ రెండోసారి రుజువవుతుంది. చలి రాకముందు తిన్న మాంసకృత్తులే కండ అవుతాయి.

ప్యూపా గురించి చెప్పవలసిన ఇబ్బందులూ ఉన్నాయి. దానిలో కొవ్వు త్వరగా చెడుతుంది, చెడిన కొవ్వు పిల్ల కాలేయానికి చేటు. దారం తీసిన వెంటనే ఎండబెట్టాలి, వీలైతే గానుగలో నూనె పిండాలి. ప్యూపా పొట్టులోని కైటిన్‌లోనూ నత్రజని ఉంటుంది గనక ప్రయోగశాల ఇచ్చే ముడి శాతంలో కొంత చేపకు అందదు. పైగా ఇక్కడి గూళ్లలో చాలావరకు దారం తీయడానికి రామనగర, శిడ్లఘట్ట వైపు పోతాయి, ప్యూపా అక్కడ మిగులుతుంది. ఇవి నిజమైన అడ్డంకులే. కాని పరిష్కరించలేనివి కావు. ఎండు ప్యూపా ఆ ఊళ్ల నుంచి రావలసిన దూరం, చేపపొడి సముద్రం నుంచి రావలసిన దూరం కన్నా చాలా తక్కువ. సోయా చెక్క కూడా ఒక దారే. దాన్ని సరిగా వేయించి జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలను పోగొడితే లైసిన్‌లో వేరుశనగకన్నా మెరుగు, మెథియోనిన్ మాత్రం దానిలోనూ చాలదు. ప్యూపాకూ సోయాకూ పోటీ పెట్టవలసిన పని లేదు, ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

ఇందులోంచి చేయవలసిన పనులు నాలుగు తేలతాయి. ఒకటి, కృష్ణగిరి డ్యాం దగ్గరి ప్రభుత్వ చేపపిల్లల క్షేత్రంలోనూ, తమిళనాడు మత్స్య విశ్వవిద్యాలయపు బారూరు కేంద్రంలోనూ, ఈ ఎత్తులో, ఈ నీటిలో, ప్యూపా కలిపిన మేతను సగంసగం మేతతో పక్కపక్కన పెట్టి తూచి చూడాలి. కోస్తాలోనూ జపాన్‌లోనూ వచ్చిన అంకెలు మనకు దారి చూపుతాయి, మన నీటికి మాత్రం మనమే కొలవాలి. రెండు, పిల్లల్ని లెక్కతో, పొడవుతో అమ్మే పద్ధతికి బరువు కూడా చేర్చాలి. ఒకే పొడవున్న రెండు పిల్లల్లో ఒకటి కండ పట్టినదీ, మరొకటి తల పెద్దదై ఒళ్లు సన్నబడినదీ కావచ్చు. వెయ్యి పిల్లల బరువు అడిగే రైతు ఆ నర్సరీలో వేసిన మేతను అడిగినట్టే. మూడు, సంచి మీద ముడి శాతంతో పాటు లైసిన్, మెథియోనిన్ ఎంతో, ఏ బరువు చేపకు ఆ మేతో, ఇక్కడి రైతులు చదివే తమిళ, తెలుగు అక్షరాల్లో ఉండాలి. నాలుగు, పట్టు రైతూ చేపల రైతూ ఒకే గ్రామంలో ఉండి ఒకరికొకరు తెలియని స్థితి పోవాలి. ప్యూపా ఎండబెట్టి పొడిచేసే చిన్న యంత్రం ఒక సహకార సంఘానికి భారం కాదు.

పుట్టుకను మన చేతికి తెచ్చినవారి స్మృతికి తగిన గౌరవం, పుట్టిన పిల్ల ఆకలిని లెక్కగా, నిజాయితీగా తీర్చడం. అందుకు విదేశీ పదార్థాలు అక్కరలేదు, పెద్ద పెట్టుబడీ అక్కరలేదు. జూలైలో తీసుకున్న స్పాన్‌కు మొదటి వారం నీటిలో జీవులుండేలా చూడటం, ఆపైన చెక్కాతవుడుకు ప్యూపానో సోయానో చేర్చి 37, 40 శాతానికి తేవడం, అక్టోబరులో చెరువులో వదిలాక మెట్టుమెట్టుగా తగ్గించడం: చేయవలసినదంతా ఇంతే. ఏటా ఇలా మేపి, తూచి, రాసి పెట్టుకునే రైతులు ఊరికి ఇద్దరున్నా, వానచెరువులో కూడా చేపల పంట లాభసాటిగా పండుతుందని అయిదేళ్లలో ఈ ప్రాంతం తన లెక్కలతోనే చూపగలదు. ఆ పని ఈ జూలైలోనే మొదలు కావాలని సభను కోరుతున్నాను.